మా మ్యాగజైన్ కవర్ ఫ్లెక్సీలా ఉందట, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో డిగ్రీ ఫైనల్ ఇయర్, మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ప్రాజెక్ట్ కోసం నలుగురం కలిసి ఒక మ్యాగజైన్ చేస్తున్నాం. ఉద్యోగ పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చి అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు హాస్టళ్లలో, మేడ మీద గదుల్లో ఉండేవాళ్ల గురించి. లోపలి పేజీలు బాగానే వచ్చాయి. కవర్ బాధ్యత నాది. కాన్వాలో మూడు చేశాను, జత చేస్తున్నాను. చూసి మా మేడమ్ 'ఫ్లెక్సీలా ఉన్నాయి' అన్నారు. నలుగురి వ్యాసాలూ కవర్ మీద కనపడాల్సిందేనని మాలో మాకు గొడవ. తల పట్టుకుని కూర్చున్న ఒక అబ్బాయి ఫొటో నెట్‌లో దొరికితే పెట్టాను. ఒక ఫ్రెండ్ ఏఐతో బొమ్మ చేయించేద్దాం అంటున్నాడు. ఇంకొకరు బ్లాక్ అండ్ వైట్ అయితే క్లాస్‌గా ఉంటుందంటున్నారు. ఫోటోషాప్‌లో చేద్దామంటే తెలుగు వత్తులు విడిపోతున్నాయి. పేరు కూడా ఖాయం కాలేదు. 'యంగ్ హైదరాబాద్ వాయిస్', 'యువ స్వరం', 'పై గది' అని మూడు అనుకున్నాం. నా వ్యాసం మా హాస్టల్‌లోనే ఉండే ఒక అక్క గురించి. 2022 నుంచి గ్రూప్స్‌కి చదువుతోంది. పరీక్షకి ఇంకెన్ని రోజులుందో స్టీలు వాటర్ బాటిల్ మీద మార్కర్‌తో రాసుకుని, రోజూ తుడిచి మళ్లీ రాస్తుంది. ఇంకా 12 రోజులే టైముంది. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక విద్యార్థిని, చిక్కడపల్లి

జవాబు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు కవర్లు చేశానన్నావు గానీ, అసలు కవర్ నీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో ఉండిపోయింది. అక్క స్టీలు బాటిల్. చదవగానే నా కళ్ల ముందు కదిలింది. రోజూ రాసి, తుడిచి, మళ్లీ రాసిన చోట మార్కర్ మరక పూర్తిగా పోదు. బూడిద రంగు మచ్చలా మిగిలిపోతుంది. ఆ మచ్చ మీద ఈరోజు అంకె నల్లగా, కొత్తగా ఉంటుంది. మీరు నలుగురూ కలిసి చెప్పాలనుకున్నదంతా ఆ మచ్చలో ఉంది. మిగతా సలహా అంతా దాని చుట్టూనే చెప్తాను, నీ ప్రశ్నలు మధ్యలో ఒక్కొక్కటీ వస్తాయి.

ముందు మీ మేడమ్ అన్న మాట. దాన్ని తిట్టుగా తీసుకోకు. నీ కవర్ల జబ్బు ఎక్కడుందో ఆవిడ సరిగ్గా చెప్పారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక నిమిషం నిలబడి ఏదైనా ఫ్లెక్సీ చూడు. పైన పెద్ద నాయకుడు, పక్కన ఇంకో ఇద్దరు, కింద వరసగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ప్రతి ఫొటో కింద పేరు, పేరు కింద హోదా. పసుపు అక్షరానికి ఎర్ర అంచు, దానికి మళ్లీ తెల్ల అంచు. ఎవరినైనా వదిలేస్తే అలుగుతారు కాబట్టి అందరికీ చోటివ్వడమే ఫ్లెక్సీ పని. నీ రెండో కవర్ తీసుకుని నేను లెక్కపెట్టాను. తొమ్మిది హెడ్డింగులు, ఐదు రకాల అక్షరాలు, ఆరు రంగులు. నువ్వు కూడా ఎవరూ అలగకూడదనే అలా చేసి ఉంటావు.

అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అట్ట మీద ఒక్క కథే పల్లకీలో కూర్చోవాలి. ఇంకో రెండు చిన్న లైన్లు పక్కన నడవచ్చు. నాలుగోది విషయసూచికలో ఉంటుంది. అక్కడ మాత్రం నలుగురికీ సమానంగా చోటివ్వు, పేర్లు కూడా పెద్దగా వెయ్యి. కానీ ఇక్కడొక చిక్కుంది. కవర్ చేసేది నువ్వు, నేను ఎంచమంటున్న కథా నీదే. 'నీ వ్యాసమే పెట్టుకున్నావ్' అంటారు, అనకపోయినా మనసులో పెట్టుకుంటారు. అందుకని ఎంపిక నువ్వు చెయ్యకు. నాలుగు వ్యాసాలనూ ఒక్కొక్క వాక్యంగా రాసి మిగతా ముగ్గురి చేతికివ్వు. వాళ్లు ఈ ప్రాజెక్ట్‌తో ఏ సంబంధం లేనివాళ్లకి, టిఫిన్ సెంటర్ అన్నకో, హాస్టల్ వార్డెన్‌కో, ఇంట్లో అమ్మకో చదివి వినిపించాలి. ఏ వాక్యం విన్నాక ఎదుటివాళ్లు 'తర్వాత?' అని అడుగుతారో అదే కవర్. నువ్వు అక్కడ ఉండకు. బాటిలే గెలుస్తుందని నా నమ్మకం. గెలవకపోతే నా మాట పక్కన పెట్టి గెలిచినదాన్నే పెట్టు. కింద చెప్పేవన్నీ దానికీ పనికొస్తాయి.

ఇప్పుడు బాటిల్ సంగతి. 2022 నుంచి చదువుతోందంటే బహుశా అక్క గ్రూప్-1 కూడా రాసి ఉండాలి. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ ఆ ఏడాదే వచ్చింది. 503 పోస్టులు. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకేజీ బయటపడి రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ పెట్టారు. ఈ మూడూ అక్క రాసిందా, ఆ రోజుల్లో కూడా బాటిల్ మీద లెక్క రాసుకునేదా అని తననే అడుగు. అవునంటే ఆ మచ్చకి ఒక చరిత్ర ఉన్నట్టే. మూడుసార్లు సున్నా దాకా వచ్చి, మూడుసార్లు మళ్లీ మొదలైన లెక్క అది. కాదంటే తన లెక్క ఏమిటో అదే రాయి. తేదీలు అతికేలా ఆమె కథను సాగదీయకు.

ఫొటోలో బాటిల్ మీద '41' అనో '63' అనో అంకె ఎలాగూ కనపడుతుంది. కాబట్టి హెడ్డింగ్‌లో 'ఇంకా 41 రోజులు' అని మళ్లీ రాయొద్దు. బొమ్మ చెప్పింది మాట చెప్పకూడదు, బొమ్మ చెప్పలేనిది మాట చెప్పాలి. అక్క అవునంటే 'మూడుసార్లు సున్నా' అని రెండే మాటలు పెట్టు. దాని కింద చిన్నగా 'అశోక్‌నగర్ గదుల్లో ఒక తరం లెక్క'. అంతే. నీ మొదటి కవర్ మీద 'నిరుద్యోగ యువత భవిష్యత్తు ఎటు?' అని ఉంది. ఆ ప్రశ్న ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఏ పత్రిక మీదైనా వెయ్యొచ్చు. మీరు పది మందిని కలిసి, గదులు తిరిగి రాసిన పత్రికకి అలాంటి మాట దేనికి?

నెట్‌లో దొరికిన ఫొటో తీసెయ్యి. అది వేరేవాళ్లు తీసింది, హక్కు వాళ్లది. కాలేజీ ప్రాజెక్ట్ కదా ఎవరడుగుతారు అనుకోవద్దు, రేపు నువ్వు ఇదే వృత్తిలోకి వస్తావు. అంతకన్నా నాకు బాధ కలిగించేది ఆ అబ్బాయి సంగతి. అతనెవరో మనకి తెలియదు. తలనొప్పి వచ్చి పట్టుకున్నాడేమో, డబ్బులు తీసుకుని ఫొటోకి కూర్చున్నాడేమో. అతని ముఖం మీద మనం 'నిరుద్యోగి' అని రాసి గోడకి అంటిస్తున్నాం. పైగా చిక్కడపల్లిలో మీరు కలిసిన వాళ్లలో ఎంతమంది అలా తల పట్టుకుని కూర్చున్నారు? నేను సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్లినప్పుడల్లా చూసేది వేరు. చెట్టు కింద టిఫిన్ బాక్స్ విప్పుకుని కరెంట్ అఫైర్స్ ఒకరినొకరు అడుగుకుంటూ, మధ్యలో గట్టిగా నవ్వుకుంటూ ఉంటారు. కష్టం ఉంది. దాని మధ్యలోనే బతుకూ ఉంది. తల పట్టుకున్న బొమ్మలో ఆ బతుకు కనపడదు.

ఏఐ బొమ్మ కూడా వద్దంటాను. అది ఇచ్చే గది ఏ ఊరిదీ కాదు. గోడ మీద కాగితాలు చూపిస్తుంది, వాటి మీద తెలుగులా కనపడే గీతలుంటాయి, చదవబోతే ఒక్క అక్షరం ఉండదు. తెలుగు చదివేవాళ్లకి అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది. నిజమైన మనుషుల గురించి రాసి, పైన లేని గదిని అంటిస్తే లోపలి పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

అయితే ఫొటో నువ్వే తియ్యాలి. ఫోన్ చాలు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో సుమారు 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల పొడవు ఉంటుంది. ఏ4 కవర్‌కి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, కావలసింది 2480 బై 3508. సరిపోతుంది, కానీ వేళ్లతో జూమ్ చేశావంటే సరిపోదు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుని, కాస్త దూరంగా నిలబడు. మరీ దగ్గరికెళ్తే బాటిల్ మధ్యలో ఉబ్బి కుండలా కనపడుతుంది.

స్టీలుని ఫొటో తియ్యడం కష్టం, ముందే తెలుసుకో. ఎదురుగా ఉన్నదంతా అందులో పడుతుంది. ఫ్లాష్ వేస్తే అంకె మీద తెల్లటి మంట పడి ఏమీ చదవరాదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి, పొద్దున ఏడెనిమిది గంటలప్పుడు కిటికీ పక్కన పెట్టు. కిటికీకి తెల్లటి పల్చటి చున్నీ ఒకటి వేలాడదియ్యి, వెలుతురు మెత్తబడుతుంది. నువ్వు కొంచెం పక్కకి నిలబడు, లేకపోతే బాటిల్‌లో నీ బొమ్మా, ఫోనూ కనపడతాయి. ముదురు రంగు బట్టలు వేసుకో. తియ్యబోయే ముందు లెన్స్ తుడువు. చాలామంది ఇది మర్చిపోయి ఫొటో మసకగా వచ్చిందని ఫోన్‌ని తిడతారు.

బాటిల్‌ని కొత్తగా తోమి, టేబుల్ మీద గులాబీ పువ్వు పెట్టి తియ్యొద్దు. అది రోజూ ఎక్కడుంటుందో అక్కడే ఉండాలి. మంచం కింద ఉంటే మంచం కిందే, పుస్తకాల దొంతర మీద ఉంటే దొంతర మీదే. సొట్టలుంటే కనపడనివ్వు. బ్లాక్ అండ్ వైట్ గురించి అడిగావు కదా, ఇక్కడే చెప్తాను. స్టీలు తెలుపు, మార్కర్ నలుపు, మచ్చ బూడిద. బాటిల్ ఎలాగూ బ్లాక్ అండ్ వైటే. రంగు ఉండేది వెనకున్న హాస్టల్ గోడలో. ఆ సున్నం రంగు, పచ్చో నీలమో, సగం వరకూ వేసిన ఆయిల్ పెయింటు, గోడకి అంటించి పీకేసిన స్టిక్కర్ల గుర్తులు, ఇవన్నీ చూడగానే హాస్టల్‌లో ఉన్న ప్రతివాళ్లకీ తమ గది గుర్తొస్తుంది. వాటిని తీసెయ్యొద్దు. సీరియస్‌గా కనపడాలని బ్లాక్ అండ్ వైట్ చెయ్యడం పత్రికల్లో పాత అలవాటు. మీ విషయానికి ఆ అరువు బరువు అక్కర్లేదు.

ఫ్రేములో పై మూడో వంతు ఖాళీగా వదులు. గోడ మాత్రమే ఉండాలి, పేరు అక్కడొస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లోనో ఎంజీబీఎస్ బస్టాండ్‌లోనో పుస్తకాల షాపు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పత్రికల్ని ఒకదాని మీద ఒకటి పడేలా సర్దుతారు, చాలావాటికి బయటికి కనపడేది పై భాగమే. అందుకే పేరు పైన వెయ్యడం అలవాటయింది.

అక్క అనుమతి ఇవన్నీ మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. ముఖం లేదు, పేరు లేదు, బాటిలే కదా అనుకోకు. హాస్టల్‌లో అది ఎవరి బాటిలో అందరికీ తెలుసు. తను ఇంకా చదువుతోంది, ఇంకా ఎదురుచూస్తోంది. కవర్ ప్రింటుకి ముందు తనకి చూపించు, హెడ్డింగ్ చదివించు. 'సున్నా' అన్న మాట గుచ్చుకుంటే మార్చు. అసలే వద్దంటే వద్దు. అప్పుడు నీ బాటిల్ మీద నువ్వు అంకె రాసి ఫొటో తియ్యకూడదు, అది దొంగ ఫొటో అవుతుంది. ఇంకో గదిలో ఇంకో నిజమైన వస్తువు దొరుకుతుంది, వెతుకు. మీరు తిరిగిన గదుల్లో కళ్లు తెరిచి చూస్తే ఒకటికి పది ఉంటాయి.

పేరు విషయంలో నాకు ఏ సందేహం లేదు. 'పై గది' పెట్టండి. 'యంగ్ హైదరాబాద్ వాయిస్' పొడుగు, చిన్నగా వెయ్యాల్సి వస్తుంది, తెలుగు పత్రికకి ఊరి పేరు తప్ప మిగతావి ఇంగ్లిష్ మాటలే. 'యువ స్వరం' కాలేజీ వార్షిక సంచికల పేరులా ఉంది. పైగా 'యువ' అనగానే నా తరంవాళ్లకి చక్రపాణి గారి మాసపత్రిక, దాని మీద వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు గుర్తొస్తాయి. 'పై గది' రెండు చిన్న మాటలు, హైదరాబాద్‌లో బ్యాచిలర్‌గా ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిన చోటు. నిజంగా అమ్మే పత్రికలైతే పేరు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర ఖాయం చేయించుకోవాలి. పత్రికల పేర్లు నమోదు చేసే పాత ఆర్‌ఎన్‌ఐ ఆఫీసు స్థానంలో 2024 మార్చి నుంచి ఉన్నది అదే. మీకు ఆ అవసరం లేదు. నడుస్తున్న పత్రిక పేరు మాత్రం పెట్టుకోకూడదు, ఒకసారి వెతికి చూసుకోండి.

ఇక తెలుగు అక్షరాలు. కవర్ డిజైన్ గురించి నువ్వు చూసే వీడియోలన్నీ ఇంగ్లిష్ అక్షరాలని మనసులో పెట్టుకుని చెప్పేవే. ఆ సలహాలు కొన్ని మనకి పనికిరావు. ఉదాహరణకి మనిషి తలని పేరు మీదకి తెచ్చి, ఒకటి రెండు అక్షరాలు మూసేయడం పెద్ద పత్రికల కవర్ల మీద చూసి ఉంటావు. ఇంగ్లిష్‌లో సగం మూసినా పదం తెలుస్తుంది. తెలుగులో అర్థం అక్షరం నెత్తి మీద ఉంటుంది. బాటిల్ మూత 'ది' మీదున్న గుడిని మూసేసిందనుకో, 'పై గది' కాస్తా 'పై గద' అవుతుంది. భీముడి పత్రిక అనుకుంటారు. 'పై'లో ఐత్వం పైనా ఉంటుంది, కిందికీ దిగుతుంది. ఆ తోక కింద కనీసం ఒక వేలెడు గోడ ఖాళీ వదులు, అప్పుడే ఊపిరాడుతుంది.

మనకి క్యాపిటల్ లెటర్స్ లేవు. కాబట్టి ఏది ముఖ్యమో అక్షరం సైజుతో, మందంతో చూపించాలి. పేరు చాలా పెద్దగా, ప్రధాన హెడ్డింగ్ దానిలో సగానికి కొంచెం తక్కువ, చిన్న లైన్లు బాగా చిన్నవి. ఒకదానికొకటి దగ్గర సైజుల్లో ఉంటే కన్ను ఎటు పోవాలో తెలియక తిరిగి ఫ్లెక్సీ అయిపోతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే మీట కాన్వాలో ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. అక్షరాన్ని పక్కలకి సాగదీయకు. లైనుకీ లైనుకీ మధ్య దూరం మాత్రం ఇంగ్లిష్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువివ్వు. పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. 30 పాయింట్ల అక్షరానికి 42, 45 దాకా ఇవ్వొచ్చు.

ఫాంట్లు రెండు చాలు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, ఎన్టీఆర్, గిడుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. పేరుకి రామభద్ర ప్రయత్నించు, మందంగా, గట్టిగా ఉంటుంది. మిగతా అక్షరాలకి మండలి. నన్నడిగితే పేరు మాత్రం ఫాంట్‌తో కాకుండా చేత్తో రాసి చూడమంటాను. అక్క వాడే మార్కర్ లాంటిదే కొని, తెల్ల కాగితం మీద 'పై గది' అని ఇరవై సార్లు రాయి. అందులో ఒకటి బాగుంటుంది. దాన్ని ఫొటో తీసి పెట్టు. బాటిల్ మీద అంకె, పైన పేరు ఒకే మార్కర్‌తో రాసినట్టుంటే రెండూ ఒకదాన్నొకటి పలకరిస్తాయి.

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతున్నాయన్నావు. అది సెట్టింగ్ సమస్య. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఅవుట్ కనపడితే అది ఎంచుకో, అన్ని వెర్షన్లలో అది ఉండదు. పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఆపేసి మళ్లీ తెరిచి, కొత్త ఫైల్లో టైప్ చెయ్యి. ఇన్‌డిజైన్ అయితే పారాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే కాన్వాలోనే చెయ్యి, ఫర్వాలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశావని కవర్ చూసినవాళ్లు అడగరు. డీటీపీ షాపువాళ్లు చాలామంది 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో పని చేస్తారు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే పద్ధతిలో ఉన్న నీ మాటని అందులో పెడితే గందరగోళంగా వస్తుంది, వాళ్లు మళ్లీ టైప్ చేస్తారు, అక్కడ కొత్త తప్పులు దొర్లుతాయి. అందుకని ఫైలు తెరిచి మార్చే అవకాశమే ఇవ్వకు. అక్షరాలని అవుట్‌లైన్స్‌గా, అంటే మళ్లీ టైప్ చెయ్యలేని బొమ్మల్లా మార్చి పీడీఎఫ్ ఇవ్వు.

నేను 22 ఏళ్లు వారపత్రికల డెస్కుల్లో ఉన్నాను. మొదట్లో ఒక దీపావళి సంచిక కవర్ నా చేతికిచ్చారు. కుడివైపు కింద మూలన 'పది కథలు' అని పెట్టాను, అంచుకి ఆనించి, అలా ఉంటే అందంగా ఉందనిపించింది. స్క్రీన్ మీద చూసి సరే అన్నాను. ప్రెస్‌లో కట్టలు కోసేటప్పుడు కత్తి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. పొద్దున కట్ట విప్పి చూస్తే 'లు' ఎగిరిపోయి 'పది కథ' అని ఉంది. అప్పటికి కాపీలన్నీ బస్సులెక్కేశాయి. ఆ రోజు తిండి సయించలేదు. అందుకే ఈ కొలతలు నీకు వెయ్యిసార్లైనా చెప్తాను. పేజీ 210 బై 297 మిల్లీమీటర్లు అయితే ఫొటో నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, దాన్నే బ్లీడ్ అంటారు. అంటే ఫైలు 216 బై 303. అక్షరాలు మాత్రం అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు లోపలుండాలి.

మామూలు పత్రిక కవర్ మీద నెల, సంచిక నంబరు, వెల, బార్‌కోడ్ ఉంటాయి. మొదటి మూడూ చిన్నగా పేరు పక్కన వెయ్యి, పత్రికలా కనపడుతుంది. బార్‌కోడ్ ఐఎస్ఎస్ఎన్ అనే అంతర్జాతీయ నంబరు ఉన్న పత్రికలది, 977తో మొదలవుతుంది. మీకు నంబరే లేదు కాబట్టి ఇంకో పత్రిక మీది తెచ్చి అతికించకు. మార్కులు పోతాయని అనుమానంగా ఉంటే మీ మేడమ్‌ని అడుగు.

ఈ ఆదివారం మీ నలుగురూ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి వెళ్లండి. పాత వారపత్రికలు, మాసపత్రికలు ఐదారు కొనండి. సుల్తాన్‌బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, పాత సంచికలు చూపించమని అడగండి. 1947లో మొదలైన చందమామ పాత కవర్లు దొరికితే తప్పకుండా చూడు. పైన పేరు, కింద ఒక్క బొమ్మ. లోపల అన్ని కథలున్నా వాటి పేర్లు పైన అరవవు. వాటిని నేల మీద పరిచి ఆరడుగుల దూరం నుంచి చూడండి. ఏది ముందు కన్నుని పట్టుకుంటుందో, ఎందుకు పట్టుకుందో మీలో మీరే మాట్లాడుకోండి. ఆ గంటలో నేర్చుకునేది నేను ఇంకో ఉత్తరం రాసినా చెప్పలేను.

రోజుల లెక్క కూడా చూద్దాం. మొదటి మూడు రోజులు కథ ఎంపిక, అక్క అనుమతి, ఆబిడ్స్. ఫొటోకి రెండు పొద్దులు కేటాయించు, మొదటి రోజు తీసినవి ఎలాగూ నచ్చవు. డిజైన్‌కి మూడు రోజులు చాలు, ఎందుకంటే ఇప్పుడు పెట్టాల్సినవి చాలా తక్కువ. అయ్యాక కవర్‌ని ఫోన్‌లో తపాలా బిళ్లంత చేసి చూడు. ఆ సైజులో కూడా బాటిల్ బాటిల్‌లా, పేరు పేరులా తెలిస్తే పని అయినట్టే. మిగతా నాలుగు రోజులు ప్రూఫుకి, ప్రింటుకి ఉంచుకో. వాటిని ముందే తినేస్తే చివరి రాత్రి ఏడుపొస్తుంది.

ప్రింటు చేయించేటప్పుడు ఒక్క మాట. స్క్రీన్ మీద మెరిసే నీలం, రేడియం పచ్చ కాగితం మీదకొచ్చేసరికి చచ్చుబడతాయి, నీలం ఊదాకి తిరుగుతుంది. అందుకని ముందు ఒక్క కాపీ తీయించి, పగటి వెలుతురులో బయటికొచ్చి చూడు. సెంటర్ పిన్ కొట్టే పుస్తకమైతే ముందు వెనక అట్టలు కలిసి ఒకే షీటు, 13 బై 19 అంగుళాల షీటు మీద తేలిగ్గా వస్తుంది. లోపలి పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి. కాగితం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) పైన ఉన్న ఆర్ట్ కార్డు తీసుకో, మ్యాట్ లామినేషన్ వేయించు. మెరిసే గ్లాసీ లామినేషన్ వేస్తే స్టీలు మెరుపు మీద ఇంకో మెరుపు పడి అంకె చదవరాదు. ఫొటో ఫోన్ నుంచి కంప్యూటర్‌కి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపకు, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకో.

కాలేజీకి రెండు కాపీలు అడిగితే మూడు తియ్యించు. మూడోది అక్కకి.